ఐదు నాబ్‌ల ఫజ్ పెడల్ ఈల వేస్తోంది, పాడైపోయినట్టేనా?

ప్రశ్న అడిగిన తమ్ముడిది ఆమదాలవలస దగ్గర. సంగతి క్లుప్తంగా ఇది. ఫజ్ అంటే గిటార్ స్వరాన్ని కావాలని నలిపి బరకగా చేసే పెడల్. అందులో ఫజ్ ఫ్యాక్టరీ అనే పేరున్న పెడల్ నమూనాలో ఎవరో చేత్తో కట్టిన ఐదు నాబ్‌ల పెడల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. గిటార్ తర్వాత ముందు ట్యూనర్, దాని తర్వాత ఈ పెడల్ పెట్టారు. గిటార్ ముట్టుకోకపోయినా అది కీచుమని అరుస్తోంది. కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి) వాయిస్తే స్వరాలన్నీ కలిసి గుజ్జయిపోతున్నాయి. రాత్రి ఇంట్లో ఒకలా పలికింది, మర్నాడు మధ్యాహ్నం రేకుల షెడ్డులో రిహార్సల్‌కి తీసుకెళ్తే గొంతే మారిపోయింది. "పాడైన ముక్క అంటగట్టారా అన్నా? మా ఆర్కెస్ట్రాలో దీన్ని అసలు వాడొచ్చా?" అని అడిగారు.

పాడవలేదు. మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఈ జాతి పెడల్‌కి పుట్టుకతో వచ్చినవే. ఆర్కెస్ట్రాలో వాడొచ్చు గానీ పాటంతా వాడలేరు, పాటలో ఒకటి రెండు చోట్ల వాడాలి. ముందుగా చేయాల్సిన పని: గిటార్ నుంచి వచ్చే కేబుల్ నేరుగా ఈ పెడల్‌లోకే వెళ్లాలి. మధ్యలో ట్యూనర్, వా పెడల్, ప్రాసెసర్, వైర్‌లెస్, ఏదీ ఉండకూడదు. మీరు రాసిన వరుసలో ట్యూనర్ ముందుంది. సగం గొడవ అక్కడే.

నేను విజయనగరంలో ఆర్కెస్ట్రాలకి గిటార్ వాయిస్తాను, పక్కన పెడల్‌లు, ఆంప్లిఫయర్లు రిపేరు చేస్తుంటాను. ఇలాంటి పెడల్ నా బల్ల మీదికి వచ్చిందంటే పదింట తొమ్మిదిసార్లు అందులో రిపేరుకేమీ ఉండదు. దాన్ని ఎక్కడ పెట్టారో, ఎలా తిప్పారో అదే సమస్య. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మామూలు ఓవర్‌డ్రైవ్ పెడల్ గిటార్‌ని ఇబ్బంది పెట్టదు. దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (లోపలికి వచ్చే సిగ్నల్‌కి అది చూపే నిరోధం) లక్షల ఓమ్‌లలో ఉంటుంది, పికప్ నుంచి కరెంటు లాగడం దాదాపు ఉండదు. పాత పద్ధతి ఫజ్ అలా కాదు. 1966లో లండన్‌లో ఆర్బిటర్ వాళ్లు తీసుకొచ్చిన ఫజ్ ఫేస్‌నే చూడండి, లోపల రెండే ట్రాన్సిస్టర్లు. దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ కొన్ని వేల ఓమ్‌ల దగ్గరే ఉంటుంది. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. సింగిల్ కాయిల్ అయితే దాని నిరోధమే ఆరేడు వేల ఓమ్‌లు. ఈ రెండూ ఒకే కొలతలో ఉన్నాయి కదా, అందుకని కేబుల్ గుచ్చగానే మీ పికప్ చుట్టా, మీ గిటార్ వాల్యూమ్ నాబూ పెడల్ సర్క్యూట్‌లో భాగమైపోతాయి. గిటార్, పెడల్ కలిపి ఒకే వాయిద్యం అనుకోండి. నేను ఇక్కడ చెప్పేవన్నీ దీంట్లోంచే వస్తాయి.

మధ్యలో బఫర్ (గిటార్‌నీ తర్వాతి పెడల్‌నీ విడదీసి సిగ్నల్‌ని అలాగే ముందుకి పంపే చిన్న సర్క్యూట్) ఉన్న పెడల్ పెడితే ఆ బంధం తెగిపోతుంది. ఆపి ఉంచినా కూడా బఫర్ పనిచేసే పెడల్‌లు చాలా ఉన్నాయి, బాస్ కంపెనీ చిన్న పెడల్‌లు ఎక్కువగా ఆ రకమే. "ట్యూనర్ ఆఫ్‌లోనే ఉంది కదా" అని మీరు అనుకుంటారు, ఫజ్ మాత్రం తన ముందు గిటార్ లేదనే అనుకుంటుంది. అప్పుడు గిటార్ వాల్యూమ్ తగ్గించినా శబ్దం శుభ్రపడదు, ఈల ఆగదు, మొత్తం మోత సన్నగా, గరుకుగా తయారవుతుంది. వైర్‌లెస్ సెట్ కూడా బఫర్ లాంటిదే. బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లు ఉన్న గిటార్‌తోనూ ఇదే తంటా. ట్యూనర్‌ని ఫజ్ తర్వాత పెట్టుకోండి, లేదంటే గిటార్ తలకి తగిలించే క్లిప్ ట్యూనర్ వాడండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. బొబ్బిలి వీణకి కింద అంటించే పీజో పికప్ (అయస్కాంతం లేకుండా కంపనాన్ని పట్టేది) పెట్టించుకున్న ఒకాయన, దానికి ఫజ్ తగిలిస్తే ఎలా ఉంటుందో చూద్దామని వచ్చారు. పీజోకి చాలా ఎక్కువ ఇంపెడెన్స్ కావాలి. నేరుగా ఇలాంటి పెడల్‌కి కలిపితే మంద్రం మొత్తం పోయి దోమ మోతలా వినిపిస్తుంది. అక్కడ మాత్రం ముందు బఫర్ పెట్టి తీరాలి. మీది మామూలు అయస్కాంత పికప్ కాబట్టి ఈ గొడవ లేదు.

ఇక మీ పెడల్ సంగతి. అసలు ఫజ్ ఫ్యాక్టరీని అమెరికాలో మినియాపొలిస్‌లో ఉండే జాకరీ వెక్స్ 1995లో తీసుకొచ్చాడు. రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్ల పాత సర్క్యూట్ తీసుకుని, ముందు ఒక సిలికాన్ ట్రాన్సిస్టర్ తగిలించాడు. మిగతా తయారీదారులు లోపలే రెసిస్టర్ పెట్టి కట్టేసే చోట్లని అతను నాబ్‌లుగా బయటికి తెచ్చాడు. అంటే, శబ్దం చెడిపోకుండా వాళ్లు దాచిపెట్టిన సంగతులన్నీ మీ చేతికి వచ్చాయి. ఈల వేయడం ఆ డిజైన్‌లో ఉన్న గుణమే. వాల్యూమ్ కాకుండా ఉన్న గేట్, కాంప్, డ్రైవ్, స్టాబ్ నాబ్‌లలో ఒకటి తిప్పితే మిగతా మూడూ మారిపోతాయి, వేరొకరి సెట్టింగ్ ఫోటో చూసి అలాగే పెట్టినా మీకు ఆ శబ్దం రాదు. నకళ్లలో ట్రాన్సిస్టర్లు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఇంకా రాదు.

మొదటిసారి ఇలా మొదలుపెట్టండి. గిటార్ వాల్యూమ్, టోన్ పూర్తిగా పైకి. పెడల్‌లో స్టాబ్ పూర్తిగా కుడికి, డ్రైవ్ పూర్తిగా కుడికి, కాంప్ మధ్యలో, వాల్యూమ్ పావు వంతు మాత్రమే. గేట్ మాత్రం ఎడమ చివర నుంచి నెమ్మదిగా కుడికి తిప్పుతూ రండి. ఒక చోట ఈలా, బుసా ఠక్కున ఆగిపోతాయి. అక్కడి నుంచి ఒక్క వెంట్రుకవాసి ఇంకా తిప్పి వదిలేయండి. ఆరో తీగ మీద ఒక స్వరం మీటండి. లావుగా, కొంచెం బరకగా, చివర్న తెగిపోయే ఫజ్ వినిపించాలి. మీరు వెతుక్కునే స్థిరమైన చోటు ఇదే. దారి తప్పినప్పుడల్లా ఇక్కడికే రండి.

గేట్ ఇంకా కుడికి తిప్పితే స్వరం త్వరగా తెగిపోతుంది, మరీ తిప్పితే గట్టిగా మీటినప్పుడే పలుకుతుంది. కాంప్ మీట్ దెబ్బ ఎంత పదునుగా వినపడాలో మారుస్తుంది, ఈల ఉన్నప్పుడు ఆ ఈల లావునీ మారుస్తుంది. డ్రైవ్ కాంప్‌తో కలిసి గరుకుదనాన్ని చూస్తుంది. స్టాబ్ అన్నింటికంటే కొంటెది. అది సర్క్యూట్‌కి అందే వోల్టేజీని తగ్గిస్తుంది. కుడి చివర నుంచి కొంచెం వెనక్కి లాగితే శబ్దం నలిగిపోతుంది, ఇంకా లాగితే పెడల్ తనంతట తానే పాడటం మొదలుపెడుతుంది. తిప్పుతుంటే గరగర వినపడుతుందని చాలామంది కంగారుపడతారు. ఈ నాబ్‌ల గుండా బయాస్ వోల్టేజీ (ట్రాన్సిస్టర్‌ని పనిచేయించే స్థిరమైన వోల్టేజీ) పోతుంది కాబట్టి కొంచెం గరగర మామూలే.

ఇప్పుడు గిటార్ వాల్యూమ్ నాబ్ గురించి. నా ఉద్దేశంలో దీన్ని వాయించడం తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. పెడల్ ఆన్‌లోనే ఉంచి గిటార్ వాల్యూమ్‌ని పది నుంచి ఏడుకి దించండి. మోత తగ్గడం మాత్రమే కాదు, స్వభావమే మారుతుంది. పికప్‌కీ పెడల్‌కీ మధ్య మీరు అదనపు నిరోధం పెట్టారు కదా, ట్రాన్సిస్టర్‌కి అందే కరెంటు తగ్గి ఫజ్ పల్చబడుతుంది. పెడల్ ఈల వేసే సెట్టింగ్‌లో ఉంటే ఇంకో విచిత్రం జరుగుతుంది. వాల్యూమ్ నాబ్ తిప్పితే ఈల శ్రుతి పైకీ కిందికీ జారుతుంది. ఉంగరం వేలో చిటికెన వేలో నాబ్ మీద ఆన్చి, మిగతా వేళ్లతో మీటడం అలవాటు చేసుకోండి. మొదట్లో చెయ్యి పట్టేస్తుంది, తర్వాత అదే వస్తుంది.

ఈలని వాడుకునే పద్ధతి చెప్తాను. పెడల్ అరుస్తుండగా ఒక స్వరం గట్టిగా మీటితే, ఆ స్వరం బలంగా ఉన్నంతసేపూ ఈల అణిగి ఉంటుంది. స్వరం సన్నబడగానే ఈల మళ్లీ తలెత్తుతుంది. కాబట్టి ఆ ఈలని ముందే పాట శ్రుతిలో కలుపుకోవాలి. స్టాబ్‌తో పెద్దగా, గేట్‌తో చిన్నగా సర్దుతూ షడ్జానికో పంచమానికో తీసుకురండి. కీబోర్డు వాయించే వాళ్లని ఆ స్వరం పట్టుకోమని అడిగితే పని సులువవుతుంది. అప్పుడు మీరు వాక్యం ముగించిన ప్రతిసారీ పెడల్ శ్రుతి పట్టుకుంటుంది. వినేవాళ్లకి అది కావాలని చేసినట్టే ఉంటుంది, నిజానికి కావాలని చేసిందే కదా.

ఒక హెచ్చరిక. ఈల ప్రయోగాలు చేసేటప్పుడు పెడల్ వాల్యూమ్ బాగా తగ్గించండి. ఇది చిన్న పెట్టె అయినా బయటికి పంపే సిగ్నల్ చాలా పెద్దది. పైస్థాయి ఈల ఒకటి సౌండ్ సెట్ హార్న్‌లలోకి పూర్తి మోతతో వెళ్లిందంటే ట్వీటర్ కాలొచ్చు, దాని ఎదురుగా కూర్చున్న వాళ్ల చెవులు గుంయ్‌మంటాయి. సౌండ్ ఆపరేటర్‌కి ముందే చెప్పి, మీ చానల్‌లో లిమిటర్ (మోత ఒక హద్దు దాటకుండా ఆపేది) ఉంటే పెట్టించుకోండి.

కార్డులు గుజ్జవడం గురించి. ఇది లెక్కల ప్రకారం జరిగేదే. ఒక్క స్వరాన్ని ఫజ్ నలిపితే ఆ స్వరానికి సంబంధించిన పైస్వరాలు మాత్రమే పుడతాయి. రెండు స్వరాలు ఒకేసారి వెళ్తే, వాటి కూడికలూ తేడాలూ కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. ఆరో తీగ ఖాళీగా మీటితే 82.4 హెర్ట్జ్. దాని పంచమం 123.5. తేడా 41 చిల్లర, అంటే ఆరో తీగ షడ్జానికి దాదాపు సరిగ్గా ఒక స్థాయి కింద షడ్జం. అందుకే స-ప కలిపి వాయిస్తే ఫజ్‌లో అంత గంభీరంగా ఉంటుంది. అడుగున ఎవరో బేస్ వాయిస్తున్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు గాంధారం చూడండి. ఒకటో తీగ ఖాళీగా 329.6, రెండో తీగ తొమ్మిదో మెట్టు మీద దాని అంతర గాంధారం 415.3. రెండూ ఒకేసారి పలికిస్తే తేడా 85.7. రెండు స్థాయిల కింద షడ్జం 82.4 దగ్గర ఉంది, శుద్ధ రిషభం 87.3 దగ్గర ఉంది. మీకు పుట్టిన స్వరం ఈ రెంటికీ మధ్య, ఏ శ్రుతికీ చెందకుండా ఉంది. మన తంబురా శ్రుతి లెక్కన గాంధారం 412 అయి ఉంటే తేడా సరిగ్గా 82.4 వచ్చేది. గిటార్ మెట్లు సమానంగా పంచిన పన్నెండు స్వరాల లెక్కలో ఉంటాయి కాబట్టి గాంధారం కొంచెం ఎక్కువ పలుకుతుంది. మామూలుగా చెవి దాన్ని సర్దుకుంటుంది, ఫజ్ మాత్రం ఆ తప్పుని భూతద్దంలో పెట్టి చూపిస్తుంది. ఇక మూడు నాలుగు స్వరాల మేజర్ సెవెంత్ కార్డు వేశారంటే ఎన్ని తేడాలు పుడతాయో మీరే లెక్క వేసుకోండి.

కాబట్టి స-ప, స-మ, లేదా ఒకే స్వరం రెండు స్థాయిల్లో. అంతకు మించి పట్టొద్దు. కార్డు కావాల్సిన చోట పెడల్ ఆపేయండి, లేదా గిటార్ వాల్యూమ్ నాలుగైదుకి దించి ఒక్కో తీగా విడివిడిగా మీటండి. వాయించని తీగలని రెండు చేతులతోనూ నొక్కి పెట్టి ఉంచండి. ఫజ్‌లో ఖాళీ తీగ కొంచెం కదిలినా అది కూడా ఒక స్వరంగా లెక్కలోకి వచ్చేస్తుంది.

ఒక్కో స్వరం వాయించే చోట మాత్రం ఇది ఇచ్చేది మామూలు సుఖం కాదు. ఫజ్ స్వరాన్ని దాదాపు చదరపు తరంగంగా కోసేస్తుంది. తీగ కదలిక సగానికి తగ్గినా బయటికి వచ్చే మోత తగ్గదు. అందువల్ల మీటిన చాలాసేపటి తర్వాత లాగిన గమకం కూడా మొదటి గమకమంత స్పష్టంగా వినిపిస్తుంది. మామూలు గిటార్ మీద కాంభోజిలోనో తోడిలోనో రెండో గమకం వచ్చేసరికి స్వరం చచ్చిపోతుంది. ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకోవడంలోనూ ఈ నిలకడ ఉంది. అకూస్టిక్ మాండలిన్ స్వరం అంతసేపు నిలవదు. "మన రాగాలకి ఈ ఇంగ్లీషు డబ్బా ఏమిటి" అనే పెద్దలు మా ఊళ్లోనూ ఉన్నారు. 1919 నుంచీ మా విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నేర్పింది ఫిడేలే కదా అంటే మాట్లాడరు.

నేను ఎక్కువగా వాడేది సన్నాయి బిట్లకి. పాత సినిమా పాటల్లో పెళ్లి సందర్భం రాగానే సన్నాయి ముక్క ఉంటుంది. కీబోర్డులో ఉన్న సన్నాయి టోన్‌లో గమకం పలకదు, పలికించే వాళ్లు అరుదు. నెక్ పికప్, గిటార్ టోన్ సున్నాకి దగ్గరగా, పెడల్‌లో గేట్ కాస్త వదులుగా, ఒకటి రెండు తీగల మీదే పన్నెండో మెట్టు చుట్టుపక్కల తీగ లాగి వాయిస్తే సన్నాయికి చాలా దగ్గరకి వస్తుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. 1962లో గిబ్సన్ వాళ్లు మాస్ట్రో పేరుతో అమ్మిన మొదటి ఫజ్ పెట్టె, ఎఫ్‌జెడ్-1, గిటార్‌ని బాకాలా, సాక్సఫోన్‌లా, సెల్లోలా పలికిస్తుందని చెప్పే అమ్మారు. అంతకు ముందే నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డింగ్‌లో మిక్సింగ్ కన్సోల్ చానల్ ఒకటి చెడిపోయి గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ సోలో బొంగురుగా వచ్చింది. ఆ శబ్దం నచ్చి ఇంజినీర్ గ్లెన్ స్నాడీ దాన్ని పెట్టెలోకి ఎక్కించే పని చేశాడు. 1965లో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ అదే పెట్టెతో ఒక పాటలో ముక్క వాయించాడు. అతని ఉద్దేశంలో అది తర్వాత బాకాలు వాయించబోయే చోటికి గుర్తు మాత్రమే. రికార్డులో అదే ఉండిపోయి ఫజ్ పెట్టెల అమ్మకాలు ఎక్కడికో వెళ్లాయి.

రెండో వాడకం జానపదాలకి. మన జముకుల కథలో జముకు ఉంటుందే, తీగ మీటుతూ బిగువు మారుస్తుంటే జుంయ్, జుంయ్ అని కింది నుంచి పైకి ఎగబాకే గొంతు. ఇలాంటి పెడల్‌లో గేట్ బాగా బిగించి, ఐదో తీగ మీద పొట్టిగా మీటుతూ వెంటనే లాగితే ఆ వాలకం వస్తుంది. తప్పెటగుళ్ల దరువు మీద ఇది పడితే స్టేజి ముందున్న కుర్రాళ్లు ఆగరు. సిరిమానోత్సవం రోజుల్లో వేసే ప్రోగ్రాంలలో నేను ఈ ముక్క తప్పకుండా పెడతాను. మెలోడీ పాట వెనక స్ట్రమ్మింగ్‌కి మాత్రం దీన్ని తీయొద్దు. గాయని గొంతు మీద ఫజ్ పడితే ఇద్దరూ వినపడరు. రెండిటిదీ ఒకే స్వరపు ప్రాంతం.

ఇక మధ్యాహ్నం గొంతు మారడం. మీ పెడల్‌లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉన్నాయనడానికి ఇదే పెద్ద సాక్ష్యం. జెర్మేనియంలో ఆపి ఉంచినా కొంచెం కరెంటు కారుతూనే ఉంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ కారుడు సుమారు రెట్టింపవుతుంది. రాత్రి ఇంట్లో 28 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం రేకుల కింద 42 అనుకోండి, కారుడు రెట్టింపు కంటే ఎక్కువే. ఈ సర్క్యూట్‌లలో చివరి ట్రాన్సిస్టర్ దగ్గర వోల్టేజీ బ్యాటరీలో సగం చుట్టుపక్కల, అంటే నాలుగున్నర వోల్టుల దగ్గర ఉంటే స్వరం రెండు వైపులా సమంగా కోతపడుతుంది. వేడికి అది పక్కకి జరిగితే స్వరం బొంగురుపోయి, ముక్కలుముక్కలుగా తెగుతుంది. లండన్ వాళ్లు తర్వాత ఫజ్ ఫేస్‌లో సిలికాన్ ట్రాన్సిస్టర్లు పెట్టాక ఈ బాధ చాలావరకు పోయింది, శబ్దం మాత్రం పదునెక్కింది.

మన వైపు ప్రోగ్రాంలు సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటుతాయి. నాలుగు గంటలకి సౌండ్ చెక్‌లో పెట్టిన సెట్టింగ్ రాత్రి పదికి పనికిరాదు. పెడల్‌ని ఎండలో, ఫోకస్ లైట్ కింద, ఆంప్లిఫయర్ వెనక వేడి గాలి తగిలే చోట పెట్టకండి. కారు డిక్కీలో వదిలేసి స్టేజి ఎక్కే ముందు తీయడం అన్నిటికంటే చెడ్డది. స్టేజి మీదికి వచ్చాక కాసేపు ఆగి, గేట్, స్టాబ్ మళ్లీ సర్దుకోండి. అంత ఓపిక లేకపోతే ఈ పెడల్‌ని చలికాలం ప్రోగ్రాంలకి దాచుకుని, వేసవికి సిలికాన్ ఫజ్ ఒకటి కొనుక్కోవడం మేలు.

కరెంటు విషయం. దీనికి కావాల్సింది కొన్ని మిల్లీయాంపులే, కాబట్టి మామూలు 9 వోల్టుల జింక్-కార్బన్ బ్యాటరీ చాలు, ఖరీదైన ఆల్కలైన్ అక్కర్లేదు. పైగా సగం వాడిన కార్బన్ బ్యాటరీతో ఫజ్ కొంచెం మెత్తబడుతుంది, చాలామందికి అదే ఇష్టం. వాయించడం అయ్యాక ఇన్‌పుట్ జాక్ నుంచి కేబుల్ పీకేయండి. చాలా పెడల్‌లలో బ్యాటరీ స్విచ్ ఆ జాక్‌లోనే ఉంటుంది, ఫుట్ స్విచ్ ఆపినంత మాత్రాన బ్యాటరీ ఆగదు.

అడాప్టర్ వాడాలనుకుంటే ఒక జాగ్రత్త. చేత్తో కట్టిన జెర్మేనియం పెడల్‌లలో కొన్నిటికి పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది, అంటే గ్రౌండ్‌కి బ్యాటరీ ప్లస్ వైపు కలిపి ఉంటుంది. అసలు ఫజ్ ఫ్యాక్టరీ మామూలు అడాప్టర్‌తోనే నడుస్తుంది, మీ నకలు కట్టినవాళ్లు ఏం చేశారో లోపల చూస్తేనే తెలుస్తుంది. పాజిటివ్ గ్రౌండ్ పెడల్‌ని మిగతావాటితో కలిపి ఒకే గొలుసు వైరుకి తగిలిస్తే అడాప్టర్ షార్ట్ అవుతుంది. తేల్చుకునే దాకా బ్యాటరీ మీదే నడపండి. పైగా చౌక అడాప్టర్ల సన్నటి కూత, పక్కన ఉన్న డిజిటల్ డిలే పెడల్ కూత, ఇవన్నీ ఈ ఫజ్ పెద్దవి చేసి వినిపిస్తుంది. బ్యాటరీతో ఆ బెడద ఉండదు.

సింగిల్ కాయిల్ గిటార్ అయితే గుంయ్‌మనే 50 హెర్ట్జ్ మోత కూడా వస్తుంది. గేట్ నాబ్ మీరు వాయించనప్పుడే దాన్ని దాస్తుంది. ట్యూబ్‌లైట్లకీ, సీరియల్ సెట్ ట్రాన్స్‌ఫార్మర్లకీ దూరంగా, గిటార్‌ని ఏ కోణంలో పట్టుకుంటే మోత తగ్గుతుందో చూసి నిలబడండి. పల్లెల్లో స్టేజి కరెంటుకి చాలాచోట్ల ఎర్త్ ఉండదు. మోత తగ్గుతుందని ఎవరైనా ఆంప్లిఫయర్ ప్లగ్ మూడో పిన్ను తీసేయమంటే వినొద్దు. ఒక చేయి తీగల మీద ఉండగా పెదవులు మైక్‌కి తగిలితే ప్రాణాల మీదికి వస్తుంది. వాయించే ముందు టెస్టర్‌తో మైక్ జాలీ ముట్టించి చూడటం నాకు అలవాటు.

మీరు అడగలేదు గానీ, ఆర్కెస్ట్రా అన్నారు కాబట్టి ఇదీ రాయాలి. మన దగ్గర చాలామంది గిటార్‌ని ఆంప్లిఫయర్ లేకుండా నేరుగా మిక్సర్‌కి ఇచ్చేస్తారు. ఈ ఫజ్‌ని అలా ఇస్తే తేనెపట్టు కదిపినట్టు ఉంటుంది. గిటార్ ఆంప్లిఫయర్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ 5 వేల హెర్ట్జ్ పైన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది, ఫజ్ రంపపు కోతని కోసేసేది అదే. సౌండ్ సెట్ హార్న్‌లు మొత్తం వినిపిస్తాయి. రెండు దారులున్నాయి. చిన్న గిటార్ ఆంప్లిఫయర్ పెట్టి దాని ముందు మైక్ పెట్టించండి, షూర్ ఎస్‌ఎమ్57 అయితే మంచిది, మామూలు పాట మైక్ కూడా పనిచేస్తుంది. లేదా ఫజ్ తర్వాత మీ మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ పెట్టి, అందులో డిస్టార్షన్లన్నీ ఆపేసి క్యాబినెట్ సిమ్యులేషన్ (స్పీకర్ పెట్టెని అనుకరించేది), కొంచెం రివర్బ్ మాత్రం ఉంచండి. అదీ లేకపోతే ఆపరేటర్‌ని మీ చానల్‌లో ట్రెబుల్ బాగా దించమనండి.

నిజంగా పాడైతే ఎలా తెలుస్తుందో చెప్పి ముగిస్తాను. గిటార్ నేరుగా గుచ్చి, కొత్త బ్యాటరీ వేసి, స్టాబ్ పూర్తిగా కుడికి పెట్టి, గేట్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పినా ఈల ఎక్కడా ఆగకపోతే అనుమానించాలి. పెట్టెని వేలితో తట్టగానే శబ్దం వచ్చి పోతుంటే ఎక్కడో టంకం వదిలింది. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తిరిగిన పెడల్ అయితే జాక్‌లు పచ్చగా చిలుం పట్టి ఉంటాయి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి కేబుల్‌ని పదిసార్లు గుచ్చి తీస్తే చాలావరకు పోతుంది. ఇవేవీ కాకపోతే వెనక మూత తీసి, బోర్డు రెండు వైపులా వెలుతురులో ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. ట్రాన్సిస్టర్ల మీద రాసిన నంబర్లు, ఏసీ128 లాంటివి, చదవగలిగేలా ఉండాలి. మల్టీమీటర్ ఉంటే ఒక్కో ట్రాన్సిస్టర్ మూడు కాళ్ల దగ్గరా ఎన్ని వోల్టులు చూపిస్తోందో, ఆ సమయానికి గదిలో ఎంత వేడిగా ఉందో కూడా రాయండి.